పెద్ద డ్రమ్ము మీద పుర్రె

కొత్తచెరువు, మే 12, 2003

ఊరి బ్యాండుసెట్టు పెద్ద డ్రమ్ము మీద నేను వేసిన సరస్వతిని చెరిపేసి, నా దగ్గరే గీతలు నేర్చిన నాగరాజు రెక్కల పుర్రె వేశాడు. పుట్టపర్తిలో ఓ విదేశీ భక్తుడి టీ షర్టు మీద వాడు చూసిన రాక్ బ్యాండు బొమ్మ అది.

డ్రమ్ము కొట్టే ఓబులేసును నిలదీశాను. "పెండ్లిలో పుర్రె ఏందిరా?"

"మాకు మోతే దేవుడు సార్. అమ్మవారి మొగం మీద కట్టె ఎట్ల ఏసేది? పదేండ్లు భయంభయంగా కొడతాంటి. ఇప్పుడు చేయి ఆడతాంది."

కళ గురించి ఇంటినిండా పుస్తకాలున్నాయి. ఈ మాట ఎందులోనూ చదవలేదు.

సాయంత్రం పెళ్లి ఊరేగింపులో ఆ డ్రమ్ము మోత మా వీధిదాకా వినిపించింది. ఇన్నేళ్లలో ఎన్నడూ వినిపించలేదు.

నాగరాజును మాత్రం మెచ్చుకోను. ఆ పుర్రె దవడ వంకర.