మొరం గడ్డ మీద గుంత

ఫిబ్రవరి 3

ఇచ్చోడలో మా పుట్టింటి చేనులో పొద్దున్నే మోకాలి లోతు గుంత తవ్వాడు మా ఆయన. ఇల్లు కట్టేముందు, లెట్రిన్ నీళ్లను భూమి తాగుతుందో లేదో చూసుకోమన్నాడు మేస్త్రీ. బిందెలతో పోశాం. నిలబడి చూస్తుండగానే మాయం! ఆయనకు ఎంత సంబరమో. "ఇంకేం ఫికర్ లేదు సువార్తా, పునాది తీసుడే."

సాయంత్రం మేస్త్రీ ఫోన్. "గవి బీటలల్లకు పొయ్యినయి టీచరమ్మా. రేగడి తాగి ఉబ్బినంక మల్ల పోసి సూడుండ్రి."

ఫిబ్రవరి 4

మళ్లీ పోశాం. నీళ్లు కదల్లేదు. మధ్యాహ్నం ఒక పిట్ట వచ్చి తాగి పోయింది.

వానాకాలం ఈ నల్లమట్టిలోనే బడికి పోయేవాళ్లం. చెప్పులు చేతిలో, కాళ్లకు మట్టి బూట్లు. అక్క అడుగులోనే నా అడుగు. "నా ఎన్కనే రా, దిగబడతవ్..." ఎంత బరువుండేవో కాళ్లు. ఎంత నవ్వేవాళ్లం.

ఫిబ్రవరి 6

ఇక మిగిలింది చేను పైన మొరం గడ్డ, నీళ్లు ఇంకే గరుకు మట్టి. అటువైపు పక్కవాళ్ల బోరు ఉంది, దాని దగ్గర తవ్వకూడదు. ఇటువైపే తవ్వాలి. ఇటువైపు అంటే — మా పాత గుడిసె ఉన్న చోటు. అవ్వ, అంటే మా అమ్మ, రొట్టెలు కాల్చిన పొయ్యి.

చలికాలం పొయ్యి ముందు అక్కా నేనూ, మోకాళ్లకు మోకాళ్లు ఆనించుకుని. అవ్వ జొన్నరొట్టె చేత్తో తడుతున్న చప్పుడు. బాపు ఎడ్లను కట్టేసి వచ్చేవాడు. తినేముందు ఆయన ప్రార్థన ఎంతకీ అయ్యేది కాదు. అక్క ఒక కన్ను తెరిచి రొట్టె తుంచి నోట్లో వేసుకునేది...

గుడిసె ఎప్పుడో కూలింది. అవ్వా బాపూ లేరు. ఇప్పుడక్కడ తంగేడు.

ఫిబ్రవరి 7

మెట్‌పల్లికి ఫోన్ చేసి అక్కకు చెప్పాను. వెంటనే — "అవ్వ రొట్టె కాల్చిన జాగల పాయఖాన గుంతనా? నీకు మనసెట్ల ఒప్పిందే?"

పెట్టేసింది.

ఫిబ్రవరి 8

చర్చిలో ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఫిబ్రవరి 11

అక్క వచ్చింది. చెప్పకుండా, మొదటి బస్సుకు. నేరుగా చేనుకే. తంగేడు పొదల్లో ఎక్కడా వెతుక్కోకుండా పోయి నిలబడింది. "గిదే పొయ్యి. తవ్వుండ్రి. నీళ్లింకకుంటె లొల్లే లేదు కద." ఇంకకూడదనే ఆమె ఆశ.

ఆయన తవ్వాడు. మొరంలో బూడిద రంగు మట్టి. అక్క చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. నీళ్లు మాత్రం తనే పోసింది.

ఎండ ఎక్కింది. నీళ్ల సీసా ఇస్తే వద్దంది. "తాగితె మల్ల ఈడ యాడికి పోవాలె?"

అనేసి ఆగిపోయింది. నన్ను చూసింది.

పత్తి ఏరే రోజుల్లో అవ్వ మా ఇద్దరికీ తాగించి, తను పెదవులు తడుపుకుని పోయేది. నువ్వు తాగవా అంటే, "నాకు దూప కాలే బిడ్డా." చీకటి పడేదాకా ఆగాలి కదా, ఆడమనిషి. ఆ చేనంతా ఎక్కడా చాటు లేదు. మేమేమో నమ్మేవాళ్లం... మా అవ్వకు దూపే కాదని.

"దూప కాకపోవుడేంది..." అంది అక్క. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

మొదటి నీళ్లు లెక్క కాదని సాయంత్రం గుంతను మళ్లీ నింపింది. బస్సెక్కుతూ — "పొద్దుగాల సూసి చెప్పు." కోపంగా అన్నదో, మామూలుగా అన్నదో.

ఫిబ్రవరి 12

గుంత ఖాళీ. అడుగున చేయి పెట్టి చూశాను. తడి ఉంది, నీళ్లు లేవు. మేస్త్రీకి చెప్పాలా అన్నట్టు నా ముఖం చూశాడు ఆయన. ముందు అక్కకు, అన్నాను.

"ఇంకినయా?" ఎత్తగానే తనే అడిగింది.

"ఇంకినయక్కా."

అవతల మెట్‌పల్లి బజారు చప్పుడు. ఆటో హారన్లు, ఎవరో బేరమాడుతున్నారు. ఈసారి అక్క ఫోన్ పెట్టెయ్యలేదు.