కేసు పెట్టింది అల్లుడి మీద కాదు

పుణె,
శ్రావణ బహుళ తదియ, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు సూర్యానికి అక్క ఆశీస్సులు.

నువ్వు కులాసాగా ఉన్నావని నిన్న అల్లుడుగారి ఫోనులోంచి నీ గొంతు నా గది దాకా వినిపించగానే తెలిసింది. ఒంట్లో బాగాలేనివాడు అంత గట్టిగా అరవలేడు. శారద, పిల్లలు కూడా బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను, అమ్మాయి, అల్లుడుగారు ముగ్గురమూ బాగున్నాం. మళ్లీ రాస్తున్నాను, ముగ్గురమూ బాగున్నాం. ఫోనులో చెబితే ఏమైందో చూశాం కనుక ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

నేను అల్లుడుగారి మీద కేసు పెట్టలేదు.

కంప్యూటర్ సామానంతా బిగించే ఇనప పెట్టెను కేసు అంటారు. శారద ఫోను ఎత్తినప్పుడు నేనన్న మాటలు ఇవి: "కేసు ఒక్కటే ఇంకా తేలలేదు. అల్లుడుగారు చిన్నది చాలంటున్నారు. నేను ఒప్పుకోను, పెద్ద కేసే పెడతాను." ఇందులో పోలీసులు ఎక్కడున్నారు? సాయంత్రానికి మాట దెందులూరు దాకా పాకిందట. ఏలూరులో ఎవరో ప్లీడరుగారు "అక్కయ్యగారి తరఫున ఫీజు లేకుండా వాదిస్తానండీ" అన్నారట. ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

నువ్వు మాత్రం నన్నొక్క మాట అడగకుండా అల్లుడుగారికి ఫోను చేసి, "మా అక్కయ్యని ఏం బాధలు పెడుతున్నారండీ? ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నానండీ" అన్నావు. ఆయన అన్నం దగ్గర నుంచి లేచి వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"అత్తయ్యగారూ, నా వల్ల పొరపాటేదైనా జరిగితే నాతోనే చెప్పాల్సిందండీ. కోర్టు దాకా ఎందుకండీ?"

"ఏ కోర్టండీ?" అన్నాను.

సంగతి తేలాక అమ్మాయి నా మీద విరుచుకుపడింది. "ఇదంతా ఆ మాయదారి కంప్యూటర్ వల్లేనమ్మా. మామయ్య వచ్చేలోపు సామానంతా కొట్టువాడికి తిరిగి ఇచ్చెయ్యి. అరవై దాటాక ఆటలేమిటి?"

"డెబ్బై దాటాక" అని సరిదిద్దాను. "తిరిగి ఇవ్వను."

ఇవ్వను కూడా. నా పెన్షనుతో కొన్నవి, ప్రతిదానికీ రసీదు ఉంది.

ఎందుకింత పంతం అంటావు. ఇక్కడ ముసురు పట్టిందంటే వదలదు. ఎనిమిదో అంతస్తు కిటికీ తీస్తే ఎదురుగా ఉన్నవీ కిటికీలే. వాళ్లిద్దరూ పొద్దున్న వెళితే దీపాలు పెట్టే వేళకి వస్తారు. భజనలు వినమని టాబ్లెట్ కొనిచ్చారు. విన్నాను. ఎంతసేపు వింటాను? ఒకరోజు కింది అంతస్తులో మరాఠీ ఆవిడ ఇంట్లో విమానం నడిపే ఆట చూశాను. పైనుంచి తీసిన ఫొటోలతో భూమంతా అందులో ఉంది. "మా ఊరు వెళుతుందా?" అని అడిగాను. వెళ్లింది. ఏలూరు దాటి హైవే పట్టుకుని వెళుతుంటే కుడిచేతి పక్కన కొల్లేరు. తరవాత మన గుండుగొలను. అక్కడ ఒకటి చూశాను, అది చివర్న రాస్తాను. ఆ ఆట మామూలు కంప్యూటర్ మీద నడవదు. అందుకే ఇదంతా.

నువ్వు పెళ్లి పొంతనలు చూసేవాడివి గనుక ఆ లెక్కలోనే చెబుతాను. ప్రాసెసరూ మదర్‌బోర్డూ వధూవరులనుకో. మీ లెక్కలో గోత్రం వేరైతేనే పెళ్లి. ఇక్కడ సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, ఒకటైతేనే పెళ్లి. ఒకే కంపెనీవైనా తరం మారితే కుదరకపోవచ్చు. ర్యామ్ కూడా బోర్డు అడిగిన రకమే కావాలి, లేకపోతే గాడిలో కూర్చోదు. ఖర్చులోనూ కరెంటులోనూ పెద్ద వాటా బొమ్మలు వేసే గ్రాఫిక్స్ కార్డుదే. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినదాన్ని, వాట్లన్నీ కూడుకుని, పైన కాస్త మిగిలేలా పవర్ సప్లై తీసుకున్నాను. అన్నిటికన్నా ఖరీదైనవి వద్దన్నాను, అన్నిటికన్నా చవకవీ వద్దన్నాను.

కొట్టతను, "మనవణ్ణి పంపండి ఆంటీ, అతనికి తెలుస్తుంది" అన్నాడు.

"నాకు మనవడు లేడు. ఆడేది నేనే. ఈ కార్డు పొడవెంత?"

"ఏ కేసులోనైనా పట్టేస్తుంది ఆంటీ."

పొడవు అడిగితే చెప్పవలసిన జవాబు అది కాదు. సంచిలోంచి బట్టలు కొలిచే టేపు తీసి నేనే కొలిచాను. అల్లుడుగారు ముచ్చటపడిన చిన్న కేసు లోపలి పొడవుకంటే కార్డు బొటనవేలి వెడల్పంత ఎక్కువ ఉంది. అందుకే పెద్ద కేసు. మా మధ్య తగువు ఇంతే.

నాకిక్కడ ఏ లోటూ లేదు. గోంగూర దొరుకుతుంది గాని పులుపు లేదు, అదొక్కటే. ఏ లోటూ లేదని శారదకి నిదానంగా, రెండుసార్లు చెప్పు. తాడేపల్లిగూడెం వెళితే పిన్నికి నా బదులు నువ్వు దణ్ణం పెట్టి, ఈ యంత్రం మొదటిసారే వెలగాలని ఆశీర్వదించమను. పిల్లలకి నా దీవెనలు.

నీ మేలు కోరే, నీ మాట వినని
అక్క అనసూయ

ఇకపై జరగవలసినవి, ఈ వరసలోనే:

1. ఈ ఉత్తరం అందిన రోజే అల్లుడుగారికి ఫోను చేసి క్షమించమని అడుగు. అరవకు.

2. ప్లీడరుగారికీ దెందులూరు వాళ్లకీ ఏ కేసూ లేదని శారదే చెప్పాలి. మొదలుపెట్టింది తనే.

3. పెద్దమనుషుల టికెట్లు రద్దు చెయ్యి. నీది ఉంచుకో. వచ్చేటప్పుడు పనసపొట్టు పట్టుకురా. నన్ను తీసుకెళ్లే మాట మాత్రం ఎత్తకు.

4. సామాను తిరిగి వెళ్లదు. శుక్రవారం పెద్ద కేసు వస్తుంది. అన్నీ బిగించి ఉంచుతాను, నువ్వు వచ్చాకే మీట నొక్కుతాను.

5. విమానం నడిపేటప్పుడు నువ్వు నా పక్కన కూర్చోవాలి. నేను వద్దు వద్దంటున్నా చేపల చెరువుకి లీజుకిచ్చి నువ్వు తవ్వించిన మన చేను, ఆ ఫొటోలు పాతవి కనుక, అందులో ఇంకా వరిచేనే. గట్లతో సహా పచ్చగా ఉంది. నేను దిగేది అక్కడే.