పెట్టె మూత మీద సుద్ద మాట

మంగళవారం, మిన్నీ బే రేవు.

మా ఆవిడ అప్పలమ్మ పోయి నెలైంది. బజార్లో చేపలమ్ముతూ నేర్చిన ఇంగ్లీషు మాట రోజుకొకటి తెలుగక్షరాల్లో నా ఐసు పెట్టె మూత లోపల సుద్దతో రాసేది. వేట నుంచి రాగానే, "ఏదీ, ఓపాలి పలుకు!" అనేది. సిగ్గేసి ఒక్కటీ పలకలేదు. చివరిది 'టేక్ కేర్'. జాగ్రత్త అని అర్థమట.

రేపట్నుంచి మళ్ళీ వేట. సాయంత్రం కోడలు పెట్టె కడగబోయింది.

"కంపు కొడతంది మావయ్యా, ఏక్‌దమ్ సాఫ్ చేసెత్తాను."

"మూత వద్దమ్మా. ప్లీజ్," అన్నాను.

"మీకు ఇంగ్లీసొచ్చేటి!" అని నవ్వబోయి, మూత లోపల చూసి, పెట్టె వరకే కడిగింది.

రేపు ఐసు వేస్తే మూత చెమ్మగిల్లి అక్షరాలు ఎలాగూ పోతాయి. అందుకే ఇందాక ఒక్కణ్ణే కూర్చుని పైకి చదివాను. 'టేక్' వరకే వచ్చింది.