ఇంజను వినే కర్ర

కాన్సెప్సియోన్,
లపాచో పూలు రాలే నెల.

నీళ్లు తగ్గి నది నడుమ చిక్కుకున్న మా వారికి, ఒడ్డున ఉన్న ప్లాసిదా నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. అందరమంటే ఎవరు లెండి, నేనూ, మీ అక్క నిమియా వదినా, పగలంతా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే ఆ చిలుకా. మీరూ, మీ పడవవాళ్లూ కులాసా అని తలుస్తాను.

అక్కడ ఫోను పలకదు గనక మీ ఉత్తరం కోసం రేవు వైపే చూస్తూ ఉన్నాను. పశువుల లాంచీ వాళ్లు తెచ్చిచ్చారు. అడిగినవాటికి జవాబు చెబుతాను. పెరటి గోడ పడలేదు. వాన పడితే గదా గోడ పడేది! ఇంజను వినే మీ కర్ర పోలేదు, ఇక్కడే తలుపు వెనక ఉంది. అంగట్లో నా మూలికలు బాగానే పోతున్నాయి. ఈ ఎండకి చన్నీళ్లలో ఆకు నానేసిన తెరెరె తాగని నోరేదీ? తెల్లారేసరికి గిన్నెలు పట్టుకుని వస్తారు, "అక్కా, తెరెరెలోకి కడుపు చలవకి దంచు", "పిన్నీ, నిద్ర పట్టేది దంచు" అంటూ.

ఇంకోటి కూడా అడిగారు. "నీ గుండె ఇంకా దెబ్బ తప్పుతోందా? నేను వచ్చేదాకా ఆ ఆపరేషను పెట్టుకోకు, పక్కన నేనుండాలి" అని. పడుకున్నప్పుడు నా వీపుకి చెవి ఆనించి, "ఈ ఇంజను సరిగ్గా లేదే" అని డాక్టర్లకంటే ముందు కనిపెట్టింది మీరే గదా.

ఏమండీ, కోప్పడకండి. చేయించేసుకున్నాను.

నది ఎప్పుడు నిండుతుందో ఆ మరియమ్మ తల్లికే తెలియాలి. డాక్టరేమో, ఏళ్ల తరబడి ఆగకుండా అదురుతున్న గుండె, ఆలస్యమైన కొద్దీ మొండికేస్తుంది అన్నాడు. రెండు మెట్లెక్కితే ఆయాసం, రోకలి ఎత్తితే కళ్లు తిరగడం. ఎన్నాళ్లని ఓర్చుకోను? వదినని తోడు తీసుకుని అసున్సియోన్ పెద్దాసుపత్రికి బస్సెక్కాను.

మొదటిసారి వెనక్కి పంపేశారు. నర్సు పిల్ల, "ఏమైనా తిన్నారా, తాగారా?" అని అడిగింది. "మంచినీళ్లు కూడా ముట్టలేదు తల్లీ" అన్నాను. వదిన ఊరుకుంటేనా!

"పొద్దున్నే ఇద్దరం ఒక కూజా తెరెరె లాగించాం, అంతే" అంది.

"అది తాగడం కాదా అమ్మా?"

"తెరెరెని తాగడమని ఎవరంటారే, విడ్డూరం కాకపోతే!"

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. ఆయన చంకలోనూ తెరెరె చన్నీళ్ల ఫ్లాస్కే మరి. "మీరే మొదటివాళ్లు కాదులే" అని ఇంకో రోజు రమ్మన్నాడు. పైగా, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునేదాన్ని కదా, గుండె మూలికలు ముట్టొద్దన్నాడు. చూశారా, ఊరందరికీ దంచిపోసే నేను తాగకూడదట!

రెండోసారి బుద్ధిగా కడుపు మాడ్చుకుని వెళ్లాను. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపిస్తారట. ఊపిరితిత్తుల నాళాలు గుండెలో కలిసేచోట చుట్టూ కాలుస్తారట. అక్కడ పుట్టే పిచ్చి అదురు ఆ మచ్చ దాటి రాలేదట. నాకవేమీ తెలియలేదు. మత్తులో నేను మన నదిలో వెల్లకిలా తేలుతున్నాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. పైనుంచి గులాబిరంగు లపాచో పూలు రాలుతూనే ఉన్నాయి, ఒక్కటీ నీళ్లని తాకడం లేదు. ఎక్కడో మీ పడవ ఇంజను. దగ్గరికి రాదు, దూరం పోదు. ఎంత హాయిగా ఉందో! నిజం చెబుతున్నా, లేచి రావాలనిపించలేదు.

లేచాక లోపలంతా నిశ్శబ్దం. ఇన్నేళ్లూ గంపకింద కోడిలా కొట్టుకున్నది ఎటు పోయిందా అని రొమ్ము తడుముకున్నాను. ఊరొచ్చి, డాక్టరు ఆగమన్నన్నాళ్లు ఆగి, మళ్లీ రోలు ముందు నిలబడ్డాను. పక్క అంగడి తోమాసా, "ఇదెవరే, కొత్త మనిషెవరో దంచుతున్నట్టుంది!" అంది. నా రోకటిపోటు కూడా కుదుటపడిందన్నమాట. ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను, సంతోషంతోనే.

ఇక ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. మొన్న మధ్యాహ్నం అది మళ్లీ వచ్చింది. ఆకులు ఏరుకుంటుంటే లోపల రెక్కలు టపటపలాడాయి. సాయంత్రానికి దానంతటదే పోయింది. డాక్టరుకి ఫోను చేస్తే, "మొదటి మూడు నెలల్లో వచ్చింది లెక్కలోకి రాదమ్మా. కాల్చినచోట మానాలి, అప్పుడు చూద్దాం. మాత్రలు మాత్రం మానకు" అన్నాడు. లెక్కలోకి రాదట! కొట్టుకున్నది నా గుండె, నాకు లెక్క లేకుండా ఎలా ఉంటుంది? తగ్గిపోయిందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాను. లోపల మాత్రం భయమేస్తోందండీ.

నిన్న మీ కర్ర తీసి వదినకిచ్చాను. ఒక కొన ఇంజనుకీ ఒక కొన చెవికీ ఆనించి మీరు వింటారే, అలా నా రొమ్ముకి ఆనించి వినమన్నాను. "గడియారంలా కొట్టుకుంటోందే!" అంది. తీరా చూస్తే ఆవిడ ఆనించుకున్నది చెవుడున్న చెవికి. ఆవిడ వెళ్లాక నేనే ఒక కొన రొమ్ముకి పెట్టుకుని, రెండో కొన చెవికి అందుకోబోయాను. మెడ ఎంత తిప్పినా అందదు. కర్ర వంగదు, నేను వంగలేను.

నది నిండగానే వచ్చేయండి. తిట్టేది తరవాత తిడుదురు గాని, ముందు వినండి.

ఇట్లు,
కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న
మీ ఇల్లాలు
ప్లాసిదా