హర్రాజుల పోయిన ఎర్ర కారు

తమ్మీ, నాకు రాత రాదు, పంతులమ్మతోని రాయిస్తున్న. నువ్వు కాలంజేసి రెండేండ్లాయె. నువ్వు టర్బో బిగించి రేసు బండి చేసిన ఎర్ర కారును నిన్న నీ షెడ్డు కాడ హర్రాజ్ పెట్టిన. ఎక్కువ పాడిన సేటుకు ఇయ్యలేదని మీ బావ ఒకటే లొల్లి. నువ్వే చెప్పు, నాది తప్పా? ఆ సేటు బండిని ఇప్పి సామాన్లు అమ్ముకుంటడట! బీదర్ నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన తక్కువే పాడిండు. కానీ ఒక చక్కర్ కొట్టొచ్చి, ఇంజన్ బంద్ చెయ్యకుండ లోపల్నే కూసున్నడు.

"దిగవేందయ్యా?" అన్న.

"జర ఆగు పెద్దమ్మా. టర్బో సల్లబడాలె, ఎంటనే బంద్ చేస్తే ఖరాబైతది."

నువ్వూ మన వాకిట్ల గట్లనే కూసుంటుంటివి. అన్నం సల్లారుతదని నేను లోపల్నుంచి తిడుతుంటి. బండి ఆయనకే అని అప్పుడే అనుకున్న. ఆయన దిగేదాంక, తిట్టకుండ, పక్కన నిలబడ్డ.