రెండు నల్ల సున్నలు

మొఘల్‌పురా,
14-8-2005, ఆదివారం.

బాపుకు,

నీ కొడుకు ఉమాపతి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ బర్రెలు రెండూ క్షేమం. సుక్కబర్రె ఈనింది, పెయ్యదూడ. పూటకు ఐదు లీటర్లు ఇస్తున్నది. నువ్వు మొదలు అడిగేది దాని సంగతే గనుక మొదలు అదే రాసిన. మనుషుల క్షేమం కింద ఉన్నది. ఎప్పటిలెక్క మల్లేశన్నతోని చదివించుకోకు. ఆయన మంచోడే, కానీ ఇది మీ సౌదీ పాలఫారంల అందరికీ ఎరుకయ్యే ముచ్చట గాదు. కూడబలుక్కొని అయినా నువ్వే చదువు. ఫోన్ల చెప్పరాదా అంటవు. ఎస్టీడీ డబ్బాల నిలబడితే ఎనక నలుగురు లైన్ల ఉంటరు, చెప్పుడు నాతోని గాలే.

చెల్లె అమల గోళీలు సరిగ్గ ఏసుకుంటున్నదా అని అడిగినవ్. ఇగ అవి బంద్ అయితున్నయ్. పోయిన నెల సంది కొంచెం కొంచెం తగ్గిస్తున్నరు. ఒక్కసారే బంద్ చేస్తే పానం మీదికొస్తదట. అది కీళ్లవాతమే గాదు బాపూ. ఎనిమిదేండ్లు లేని రోగానికి మందు మింగిచ్చినం.

ఎట్ల తెలిసిందంటే, జనవరిల మాదన్నపేట కూరగాయల మార్కెట్ ఎనక మా సంఘపోళ్లం సభ పెట్టినం, మూఢనమ్మకాల మీద. కరపత్రం నేనే రాసిన. మాట్లాడెటందుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. పుట్టుకతో వచ్చే రోగాలు చూస్తదామె. అమల గ్లాసుల నీళ్లు ఇస్తుంటే ఆమె నీళ్లు తాగుడు మరిచి దాని వేళ్లు చూసింది. “పిడికిలి పట్టు బిడ్డా” అన్నది. దానికి పట్టరాదని నీకు ఎరుకే. డాక్టరమ్మ వేళ్ల కణుపులు ఒత్తి చూసింది. “వాపు లేదు, వేడి లేదు. ఎముకే లావైంది. వాతమని ఎవరన్నరు?” అన్నది. నేను దవాఖాన కాయితాలన్నీ తెచ్చి చూపిచ్చిన.

ఫిబ్రవరిల రక్తం తీసిన్రు. అమలది, అమ్మది, నాది. ఐదు నెలలకు కాయితం వచ్చింది. రోగం పేరు ఇంగ్లీషుల బారెడు ఉన్నది. కీలు నడిమిట్ల మెత్తటి పొర ఉంటది గద, అది పెరిగే పద్ధతే తప్పు. పుట్టుకతోనే ఉండి, నడిచే ఈడు వచ్చినంక బయటపడుతది. చూస్తే వాతం లెక్కనే ఉంటది. తగ్గిచ్చే మందు లేదు. తుంటి కీళ్లు బాగ అరిగితే ఆపరేషన్ చేసి కొత్తయి పెడతరట. అంటే ఆ గోళీలు దాని మొఖం ఉబ్బిచ్చి, ఎముకలు గుల్ల చేసినయ్, ఇంకేం చెయ్యలే.

రక్తం తీసే ముందు డాక్టరమ్మ తెల్లకాయితం మీద మన ఖాందాన్ గీసింది. మొగోళ్లకు చదరం, ఆడోళ్లకు సున్న. సొంతంల పెండ్లి అయితే నడిమిట్ల రెండు గీతలు. రోగం ఉన్నోళ్లను నల్లగ నింపింది. అమల సున్న నింపి, “ఇంకెవరికన్న ఉండెనా?” అని అడిగింది. నానమ్మ నా మొఖం దిక్కు చూసింది. ఎందుకు చూసిందో కింద రాస్త. నేను తల ఊపినంక చెప్పింది.

“మా చెల్లెకు ఉండెనమ్మా. నా ఎనక పుట్టింది. పదేండ్లకు చెంబు పట్టరాలే. ఇరవైకి కూసున్నది, మల్ల లేవలే. పోశమ్మ కోపమన్నరు. మేకను గూడ ఇచ్చిన్రు.”

ఇగ ఆపలే. ఏ బర్రె ఏ బర్రె కడుపున పుట్టిందో చెప్పినట్టు, ఎవరు ఎవరి బిడ్డో, ఎవరిని ఎవరికి ఇచ్చిన్రో నాలుగు తరాలు చెప్పింది. డాక్టరమ్మ చెయ్యి నొప్పి పుట్టింది. “అమ్మా, నువ్వు ఇన్ని రోజులు యాడున్నవ్?” అన్నది నవ్వుకుంట. నానమ్మ నవ్వలే.

“నీ తల్లి దిక్కు రక్తమే ఖరాబ్, ఆ దిక్కు అడుగు” అని రాయిచ్చినవ్. అడిగిన. అమ్మ తండ్రి నానమ్మకు తోడబుట్టిన అన్న. నీ దిక్కు, అమ్మ దిక్కు అని రెండు లేవు బాపూ, ఒకటే ఇల్లు. తప్పు ఒకటి ఉంటే మనిషికి ఏం గాదు, రెండు కలిస్తెనే రోగం. అమ్మ ఒకటి ఇచ్చింది, ఇంకొకటి నువ్వే ఇచ్చినవ్. ఎనిమిదేండ్లు అమ్మను అన్న మాటలు ఇప్పుడు ఎవరు ఎనుకకు తీసుకుంటరు? ఆ ఉత్తరం నేను ఆమెకు చదివి వినిపియ్యలే. నీ ఇజ్జత్ కోసం గాదు, ఆమె కోసం.

నీకొకటి యాదికి చేస్త. మన కొట్టంల దున్నను మూడేండ్లు దాటి ఉంచకపోతివి. దాని బిడ్డలు ఎదకొచ్చే యాళ్లకు చాంద్రాయణగుట్టకు తోలుకపోయి జహంగీర్ భాయ్ దున్నతోని మార్చి తెస్తుంటివి. “తండ్రి బిడ్డను దాటితే దూడలు బలంగ పుట్టవురా” అని నాకు చెప్పింది నువ్వే. అంత తెలివిగల్లోడివి, నీ పెండ్లికి మాత్రం మేనమామ బిడ్డ అయితే కోడలు చెప్పిన మాట వింటదని చేసుకుంటివి. ఇది ఎవరి పాపం గాదు, మేనరికం చేసుకున్నోళ్లందరికీ గిట్ల గాదు అన్నది డాక్టరమ్మ. ఆమెకు ఓపిక ఉన్నది. నాకు లేదు.

అత్తమ్మ బిడ్డ సావిత్రిని నాకు చేస్తనని మాట ఇచ్చిన అన్నవ్. నన్ను అడుగకుండ. నా రక్తంల గూడ ఆ తప్పు ఒకటి ఉన్నదని వచ్చింది. సావిత్రికి ఉన్నదో లేదో, ఒకసారి చూపిద్దామని అత్తమ్మ ఇంటికి పోయి అడిగిన. “నా బిడ్డ ఏమన్న బర్రెనారా, సూదులు గుచ్చి చూసుకునెటందుకు?” అని వాడంత ఇనేటట్టు లొల్లి చేసింది. సరే. నేను ఈ పెండ్లి చేసుకోను. దాని కోసం సెలవు పెట్టి రాకు.

ఇప్పటిదాంక నీ మీద కోపం రాసిన. ఇగ నాది విను.

తొంభైఏడుల అమలను మొదటిసారి దవాఖానకు తీసుకపోయింది నేను, నానమ్మ. నువ్వు పాలు పోయ పోయినవ్. నాకు పదిహేనేండ్లు. బస్సుల నానమ్మ ఒకటే తీరు, “మా చెల్లెకు గిట్లనే ఉండె, పోశమ్మ కోపం మన ఇల్లు ఇడుస్తలేదు, డాక్టర్‌కు చెప్త” అని. నా సంచిల రెండు రూపాయల బుక్కు ఉన్నది. దయ్యాలు, శాపాలు అన్నీ అబద్ధమని రాసి ఉన్నది అందుల. “ఆడ నోరు తెరిచినవంటే నేను దిగిపోత. ఏం తెల్వని జాహిల్ అంటరు మనల్ని” అన్న.

డాక్టర్ అడిగిండు బాపూ. “ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?” అని సరిగ్గ అదే అడిగిండు. నానమ్మ పెదవులు కదిలినయ్. నేను ఆమె చెయ్యి గట్టిగ ఒత్తి పట్టి, “ఎవ్వరికీ లేదు సార్” అన్న. ఆయన రాసుకున్నడు. ఆ కాయితమే దవాఖాన నుంచి దవాఖానకు మా ఎంట తిరిగింది. మల్ల ఏ డాక్టరూ అడుగలే, రాసే ఉన్నది గద.

శాపం అబద్ధం, ఇప్పటికీ అంట. నానమ్మ చెల్లె అబద్ధం గాదు. నేను రెండిటినీ ఒక్కటే గంపల ఏసి పారబోసిన.

డాక్టరమ్మకు చెప్పిన. “అప్పటికి ఈ పరీక్ష ఎక్కడా లేదు లేవయ్యా” అన్నది, నా మనసు కుదుట పడుతదని. పరీక్ష లేకుండె, నిజమే. ప్రశ్న ఉండె.

ఇంకొకటి. గోళీలతోని ఏం తగ్గుతలేదన్నా, వద్దన్నా అని అమల ఎన్నిసార్లు ఏడ్చిందో. ఒకసారి గోళీలు బర్రె కుడితిల కలుపుతుంటే చూసి చెంప మీద కొట్టిన. “సైన్స్ మీద నమ్మకం లేదా” అని కొట్టిన.

ఇదంత నిన్న దానికి చెప్పిన. మాఫ్ చెయ్యి అన్న.

“నేను చెప్పింది ఇనలే. నానమ్మ చెప్పింది ఇనలే. బుక్కు చెప్పింది విన్నవ్” అన్నది.

“కొట్టు” అన్న.

“పిడికిలి పడితే గద కొట్టేది” అన్నది. “మాఫ్ గీఫ్ తర్వాత సూద్దాం. గా గీతల కాయితం తే.”

తెచ్చిచ్చిన. ఒక నల్ల సున్న మీద వేలు పెట్టింది.

“గిది నేనా?”

“ఆ.”

“గీ ఇంకో నల్లది?”

“నానమ్మ చెల్లె.”

“పేరేంది?”

నాకు తెల్వది బాపూ. ఎనిమిదేండ్లు దాచిన మనిషి పేరు నేను ఒక్కసారి గూడ అడుగలే.

అమల కొట్టం దిక్కు కేకేసింది. నానమ్మ చేతులు తుడుచుకుంట వచ్చింది. ఈసారి నా మొఖం చూడలే. “ఈదమ్మ” అన్నది. అనుకుంట అక్కడ్నే కూసున్నది.

అమల కలాన్ని రెండు చేతుల నడుమ పట్టి ఆ సున్న కింద పేరు రాసింది. ఆ కాయితమే దీని ఎంట పెట్టిన, చూడు. వంకర అక్షరాలు దానియే. తన సున్న కింద మాత్రం ఏం రాయలే. నేను రాయబోతే చెయ్యి నెట్టేసింది.

“నువ్వొద్దు. బాపుకు నా పేరు రాయొస్తది. నేనే నేర్పిన” అన్నది.

సెలవు పెడితే ఆ పేరు రాసెటందుకు పెట్టు.

ఇట్లు,
“ఎవ్వరికీ లేదు” అని చెప్పిన నీ కొడుకు,
ఉమాపతి