తలుపుకి ఎదురుగా బల్ల

చిరంజీవి చిట్టికి నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అమ్మ మోకాలు మాత్రం ఆ మాట ఒప్పుకోవడం లేదు.

నీ ఉత్తరం అందింది. మా కాలేజీ లైబ్రరీలో నేను పెట్టించిన బల్ల ఏమైందని అడిగావు. ఎత్తేశాం. ఇంటి మొత్తంలో మొదటగా కాలేజీ గడప తొక్కినవాళ్ళు, వేరే భాష మాట్లాడేవాళ్ళు, పిల్లలు పుట్టాక మళ్ళీ చదువుకొచ్చినవాళ్ళు బెరుకు లేకుండా అడుగుతారని, తలుపుకి ఎదురుగా ‘కొత్తవారికి సాయం’ అని పెద్ద బోర్డు పెట్టుకుని ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. చివరికి ఒక అమ్మాయిని కదిలిస్తే, "అక్కడ కూర్చుంటే నాకేమీ రాదని అందరికీ తెలిసిపోతుంది కదా సార్" అంది. నిజమే.

ఇప్పుడు తిరిగొచ్చిన పుస్తకాల బండి తోసుకుంటూ బీరువాల మధ్య తిరుగుతున్నాను. పని చేసుకుంటున్న మనిషిని అడగడానికి ఎవరికీ మొహమాటం లేదు. పుస్తకాలన్నీ సర్దేస్తే తిరగడానికి సాకు ఉండదని అవే రోజంతా తిప్పుతున్నాను. "ఆ బండి ఇంకా ఖాళీ కాలేదా?" అని మా పెద్ద లైబ్రేరియన్ అడిగితే, "అవుతోందండీ" అన్నాను.

ఇక నీ సంగతి. మీ కాలేజీ లైబ్రేరియనమ్మ నిన్ను అందరి ముందూ పేరుపెట్టి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "భయపడకమ్మా, నీకు అర్థం కానివి నేను చెబుతాను" అన్నదని రాశావు. అప్పటినుంచి అటు వెళ్ళడమే లేదన్నావు. "నేను బెరుకుదాన్నని ఆవిడకి ఎవరు చెప్పారు నాన్నా? చదువు మానేసి వచ్చేయనా?" అన్నావు.

నేనే చెప్పాను. నువ్వు చేరగానే ఆవిడకి ఫోన్ చేసి, "మా అమ్మాయికి బెరుకెక్కువ, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాను. ఇక్కడ తీయించిన బోర్డుని అక్కడ నీ మెడలో వేశాను. సిగ్గుగా ఉంది.

వచ్చేస్తానంటే నిన్నేమీ అనను. కానీ నా నోటి దురద వల్ల నీ చదువు ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. మళ్ళీ ఫోన్ చేసి ఆవిడని బతిమాలుకున్నాను. ఈసారి నువ్వు వెళ్తే ఆవిడ తలెత్తి చూడదు, పలకరించదు. కోపమొచ్చిందనుకోకు. నీకు నచ్చిన మూల చూసుకుని కూర్చో.

ఇట్లు,
నోరు కట్టేసుకున్న
మీ నాన్న